పిల్లల చేతికి థర్మాకోల్ కాదు, చెక్క ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

భోగాపురం విమానాశ్రయం పనులు మొదలైన దగ్గర్నుంచి మా విజయనగరంలో ఏ స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ పెట్టినా విమానం ఉండాల్సిందే. మీ జిల్లా పేజీలో ఆ ఫొటోలు వేస్తున్నారు, సంతోషం. కానీ వాటిలో పిల్లలు సొంతంగా చేసినవి ఎన్ని, షాపులో కొని అతికించినవి ఎన్ని అని మీ విలేకరులు ఒక్కసారి అడిగితే బాగుంటుంది. నేను అడిగాను కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఈమధ్య ఒక ఎగ్జిబిషన్‌కి చెక్కతో చెక్కిన మస్కిటో విమానం తీసుకెళ్లింది. రెండున్నర నెలలు పట్టింది దానికి. చూడ్డానికి వచ్చిన పెద్దలు "లైట్లు వెలగవా, ఫ్యాన్ తిరగదా" అని అడిగి, లేదనగానే పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయారు. బహుమతి బల్బులు పెట్టిన థర్మాకోల్ విమానాశ్రయానికి వచ్చింది. ఆ పిల్లల మీద నాకేం కోపం లేదు, వాళ్లకి అదే నేర్పారు. నా బాధంతా ఆ చెక్క ముక్కలో ఎంత చదువుందో ఒక్కరూ చేత్తో పట్టుకుని చూడలేదనే.

మస్కిటో అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ విమానం. 1940 నవంబరు 25న మొదటిసారి ఎగిరింది. మేం దాన్నే ఎంచుకోవడానికి కారణం, అసలు విమానమే చెక్కతో చేసింది కావడం. పల్చటి బర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య తేలికైన బాల్సా చెక్క పెట్టి, జిగురుతో అతికించి, దానికి రెండు మెర్లిన్ ఇంజన్లు బిగించి ఎగరేశారు. అలాంటివి 7 వేలకు పైగా తయారయ్యాయి. ఇంగ్లండులో కుర్చీలు, బీరువాలు చేసేవాళ్లు, పియానోలు చేసేవాళ్లు దాని భాగాలు తయారుచేశారని చెప్పినప్పుడు మా అమ్మాయి "అయితే తాతయ్య కూడా చేసేవాడే కదా నాన్నా" అంది. మా నాన్న వడ్రంగి. ఆయన పోయాక అటక మీద పడున్న పెట్టెలోంచి ఉలులు, ఆకురాళ్లు దింపింది ఆ మాట తర్వాతే.

మోడల్ లెక్క 1:72. మన వడ్రంగుల కొలతలో చెప్పాలంటే ఆరడుగులకి ఒక అంగుళం. మస్కిటో రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి 54 అడుగుల 2 అంగుళాలు, అంటే మోడల్లో 9 అంగుళాలు, జానెడన్నమాట. పొడవు దాదాపు 41 అడుగులు, అది 7 అంగుళాలకి కాస్త తక్కువ వస్తుంది. ఇక్కడ ఒక్క నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, తప్పితే అసలు విమానంలో 9 అంగుళాలు తప్పినట్టే. నిష్పత్తుల పాఠం ట్యూషన్‌లో ఆర్నెల్లు విన్నా ఎక్కలేదు గానీ ఈ నూలు లెక్కతో ఒక్క సాయంత్రంలో ఎక్కింది.

పని గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎవరైనా మొదలుపెడతారేమో. ముందు విమానం పక్క నుంచి, పై నుంచి, ఎదురు నుంచి ఎలా కనిపిస్తుందో మూడు బొమ్మలు కొలతకి గీసుకోవాలి. ఒళ్లుకి ఒకే దిమ్మ తీసుకోకుండా రెండు చెక్కలు తీసుకుని, మధ్యలో ఒక కాగితం పెట్టి అతికిస్తే, ఎంత చెక్కినా నడిమి గీత చెరిగిపోకుండా కనిపిస్తూ ఉంటుంది, ఎడమ కుడి సమానంగా వస్తున్నాయో లేదో అదే చెబుతుంది. అసలు మస్కిటో ఒళ్లు కూడా ఎడమ సగం, కుడి సగం విడివిడిగా చేసి తర్వాత కలిపిందే. ముందు పక్క బొమ్మ ప్రకారం రంపంతో కోసి, కోసిన ముక్కల్ని పారేయకుండా మళ్లీ టేపుతో అక్కడే అంటించి, అప్పుడు పై బొమ్మ ప్రకారం కోయాలి. టేపు విప్పితే నాలుగు పలకల విమానం బయటపడుతుంది. ఆ మూలలు కొట్టేస్తే ఎనిమిది పలకలు, అవీ కొట్టేస్తే గుండ్రం. ఎక్కడ ఎంత గుండ్రంగా ఉండాలో అట్టముక్కలు నెలవంకల్లా కత్తిరించి ఆనించి చూసుకోవాలి, వెలుతురు దూరిన చోట చెక్క ఎక్కువ పోయిందని అర్థం. మా అమ్మాయి తోకవైపు ఒక పక్క ఎక్కువ చెక్కేసి ఏడ్చింది. లప్పంతో పూడ్చి మళ్లీ ఉప్పుకాగితం పట్టాం. పైలట్ కూర్చునే చోట అద్దం కావాలంటే ఆ ఆకారంలో చిన్న చెక్క దిమ్మ చెక్కి, ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో పెట్టి వేడి గాలి కొడితే ప్లాస్టిక్ ముడుచుకుని దానికి అతుక్కుంటుంది, అప్పుడు కత్తిరించుకోవడమే. ఇది మాత్రం పెద్దవాళ్లు దగ్గరుండి చేయించాలి.

మొదటిసారి రెక్క పాడైంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే ఒక పెద్దాయన ఇచ్చిన పనస ముక్క, పూర్తిగా ఆరిందో లేదో చూసుకోకుండా తొందరపడ్డాం. వానలు పట్టగానే ఒక పక్క పైకి లేచిపోయింది. అసలు మస్కిటోలకి కూడా మన దేశంలో ఇలాంటి కష్టమే వచ్చింది. 1944లో ఇటు పనిచేసిన వాటిలో కొన్నింటికి రెక్కల అతుకులు ఊడిపోయి ప్రమాదాలు జరిగాయి, మన ఎండా తేమా కారణమా, తయారీలో లోపమా అని పెద్ద చర్చే నడిచింది. రెండో రెక్క మా ఇంటి పాత కిటికీ తలుపు చెక్కతో చేశాం, అది ఏళ్ల తరబడి ఎండిన చెక్క కాబట్టి ఇప్పటికీ ఇంత కూడా వంగలేదు.

ఇది పనిలేని సరదా అనుకునేవాళ్లకి ఒక సంగతి చెప్పాలి. 1942లో, మన విశాఖ మీద జపాన్ బాంబులు పడిన అదే ఏడాది, అమెరికా నౌకాదళం అక్కడి స్కూలు పిల్లల్ని 5 లక్షల చెక్క విమానాలు చేసిపెట్టమని అడిగింది. అవీ 1:72 కొలతవే. ఆకాశంలో కనబడేది మనదా, శత్రువుదా అని సైనికులు గుర్తుపట్టడానికి వాటిని నల్ల రంగు వేసి వాడారు. 35 అడుగుల దూరంలో ఆ బొమ్మని పెట్టి చూస్తే అసలు విమానాన్ని 2,520 అడుగుల దూరంలో చూసినట్టుంటుంది. బొమ్మ కొలత తప్పితే గుర్తుపట్టడమూ తప్పుతుంది కాబట్టి పిల్లల పనే అయినా కొలిచి చూసి తీసుకున్నారు. మన జిల్లాలో బాడంగి దగ్గర ఆ యుద్ధకాలం నాటి రన్‌వే ఉందని ఎంతమంది పిల్లలకి తెలుసు?

చెక్కడం నేర్పేవాళ్ల కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. గొల్లపల్లిలో ఒకే పనస మానుతో వీణ చెక్కేవాళ్లున్నారు. జ్ఞాపికలుగా ఇవ్వడానికి చిన్న చిన్న వీణలు చేస్తారే, అవి స్కేల్ మోడళ్లు కాక ఇంకేమిటి! ఏడాదికి రెండుసార్లు వాళ్లనో, ఊళ్లో వడ్రంగినో స్కూలుకి పిలిచి, సరైన కూలి ఇచ్చి, ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలకి ఒక పూట ఉలి పట్టడం, చెక్క నార ఎటు ఉందో చూడటం నేర్పించమని విద్యాశాఖ వారిని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. ఎగ్జిబిషన్లలో మార్కులు వేసేవాళ్లు కూడా "ఇది నువ్వెలా చేశావు, ఎక్కడ తప్పు పోయింది, ఎలా సరిదిద్దావు" అని ఒక్క ప్రశ్న వేయాలి. కొన్న మోడల్ తెచ్చినవాళ్లు దానికి జవాబు చెప్పలేరు.

మా అమ్మాయి ఇప్పుడు డకోటా మొదలుపెట్టింది, అదీ ఆ యుద్ధం నాటి రవాణా విమానమే. రెక్కలు 95 అడుగుల పైచిలుకు, అంటే మోడల్లో దగ్గర దగ్గర 16 అంగుళాలు, మా కిటికీ చెక్క సరిపోదు. పాత ఇళ్లు పడగొట్టిస్తున్నవాళ్లు బాగా ఎండిన గుమ్మడి టేకు ముక్కలు పొయ్యిలోకి పంపేముందు పక్కన ఏదైనా స్కూలుంటే ఒకసారి అక్కడ అడిగి చూడండి.

ఇట్లు
ఒక పాఠకుడు,
విజయనగరం