సౌత్ సెంట్రల్ రీజియన్ ఆటగాళ్ళకీ కోచ్‌లకీ మా టీమ్ తరఫున కృతజ్ఞతలు

అమెరికాలో కాలేజీ అల్టిమేట్ ఫ్రిస్బీ సీజన్ మాకు ముగిసింది. నేషనల్స్‌కి, అంటే జాతీయ పోటీలకి వెళ్ళలేదు కానీ రీజినల్స్‌లో, అంటే మా రీజియన్ టోర్నమెంట్‌లో ఆదివారం దాకా పోటీలో ఉన్నాం. కిందటి ఆగస్టులో మా విమెన్స్ టీమ్ అసలు ఉంటుందో లేదో ఎవరికీ తెలియదు. సీనియర్లంతా గ్రాడ్యుయేట్ అయి వెళ్ళిపోయారు, మా కోచ్‌కి వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చింది, మిగిలిన వాళ్ళలో సగం మంది డిస్క్ పట్టుకోవడమే కొత్త. అలాంటి టీమ్‌ని ఇంతదూరం తీసుకొచ్చిన వాళ్ళలో ఎక్కువమంది మా ప్రత్యర్థి కాలేజీల ఆటగాళ్ళూ కోచ్‌లే. వాళ్ళకి ఇంగ్లీషులో విడివిడిగా రాశాను. ఇక్కడ తెలుగులో రాస్తున్నది ఎందుకంటే, మా ప్రయాణాలకీ టోర్నమెంట్ ఫీజులకీ డబ్బు పంపిన తెలుగు అక్కలూ అన్నయ్యలూ, స్నేహితుల అమ్మానాన్నలూ చాలామంది ఉన్నారు. వాళ్ళు నిలబెట్టింది ఎలాంటి ఆటనో, ఎలాంటి మనుషుల మధ్యనో వాళ్ళకి తెలియాలి. పేర్లు మాత్రం బయటపెట్టను. వీళ్ళెవరూ ఇలాంటి ప్రచారం కోరుకునే వాళ్ళు కారు.

ఆట చూడని వాళ్ళ కోసం కొంచెం చెబుతాను. 70 గజాల పొడవు, 40 గజాల వెడల్పు మైదానం, రెండు చివర్లా 20 గజాల ఎండ్‌జోన్లు. ఒక్కో టీమ్‌కి ఏడుగురు, 175 గ్రాముల డిస్క్ ఒకటి. డిస్క్ చేతిలో ఉంటే పరుగెత్తకూడదు. ఎదురుగా నిలబడ్డ డిఫెండర్ పది లెక్కపెట్టే లోపే ఇంకొకరికి వేసెయ్యాలి. నేల తాకితే డిస్క్ అవతలి టీమ్‌ది. ఎండ్‌జోన్‌లో పట్టుకుంటే పాయింట్. రిఫరీ ఉండడు. ఫౌల్ అయిందో లేదో, కాలు గీత దాటిందో లేదో ఆడేవాళ్ళే చెప్పాలి. పెద్ద మ్యాచ్‌లలో అబ్జర్వర్లు ఉంటారు, వాళ్ళు కూడా చాలావరకు ఆటగాళ్ళు తేల్చుకోలేక అడిగినప్పుడే కలగజేసుకుంటారు. అంటే ఎదుటి టీమ్ నిజాయితీ మీద నమ్మకం లేకపోతే ఈ ఆట ఒక్క పాయింట్ కూడా ముందుకు సాగదు.

ఇంకో సంగతి కూడా తెలిస్తేనే మాకు అందిన సాయం ఎంత పెద్దదో అర్థమవుతుంది. అమెరికాలో డివిజన్-వన్ కాలేజీ టీములు పది రీజియన్లుగా ఉంటాయి. నేషనల్స్‌కి వెళ్ళేది ఇరవై టీములు. ప్రతి రీజియన్‌కీ ఒక బెర్త్ ఖాయం, మిగతా పదీ సీజన్ ర్యాంకింగులను బట్టి వస్తాయి. మా రీజియన్‌లో కొలరాడో, టెక్సస్ లాంటి పాత, బలమైన టీములున్నాయి. కొలరాడో మెన్స్ టీమ్ 2014లో నేషనల్స్ గెలిచింది. కాలేజీ ఆటగాళ్ళకిచ్చే పెద్ద గౌరవమైన కాలహన్ అవార్డు అందుకున్న జిమ్మీ మికిల్ ఆడింది ఆ కాలేజీకే. ఇలాంటి చోట పక్క కాలేజీ టీమ్‌ని బాగుచేయడమంటే, రేపు మన బెర్త్‌కే అడ్డొచ్చే టీమ్‌ని చేతులారా తయారుచేయడం. అది తెలిసే చేశారు వీళ్ళు.

ముందు కోచ్ గారి గురించి. ఆవిడ మాకు కొంచెం దూరంలో ఉన్న ఇంకో కాలేజీకి కోచ్. మా కాన్ఫరెన్స్‌లోనే, అంటే రీజియన్ లోపల మేముండే చిన్న గ్రూపులోనే ఆడతారు, మమ్మల్ని ఎప్పుడూ ఓడించే టీమ్. ప్రాక్టీస్ ఎలా నడపాలో కొన్ని డ్రిల్స్ పంపమని సెప్టెంబర్‌లో ఈమెయిల్ పెట్టాను. డ్రిల్స్ పంపలేదు. మీ ప్రాక్టీస్ ఏ రోజని అడిగి, ఆ రోజు కారులో వచ్చేశారు. ఆ తర్వాత తన టీమ్ ప్రాక్టీస్ లేని రోజుల్లో వస్తూనే ఉన్నారు. అల్టిమేట్ చాలా కాలేజీల్లో క్లబ్ స్పోర్ట్ మాత్రమే, కాలేజీ క్రీడలని నడిపే పెద్ద సంస్థ ఎన్‌సీఏఏ ఆట కాదు. కోచ్‌లలో చాలామందికి జీతం ఉండదు, ఉన్నా పెట్రోలు ఖర్చులకే సరి. ఆవిడ వేరే ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు రెండు టీములకి పంచారు.

మేం కొత్త ప్లేలు నేర్పమన్నాం. హక్‌లు, అంటే మైదానం ఆ చివరికి వేసే పొడవాటి త్రోలు, వాటి మీదే మా ఆశంతా. ఆవిడ చాలా వారాల పాటు డంప్ తప్ప ఇంకేమీ నేర్పలేదు. డంప్ అంటే ముందుకి దారి లేనప్పుడు పక్కకో వెనక్కో ఉన్న హ్యాండ్లర్‌కి, అంటే ఎక్కువగా త్రోలు వేసే ఆటగత్తెకి, డిస్క్ తిరిగి ఇవ్వడం. చూసేవాళ్ళకి అది వెనక్కి పోవడంలా కనిపిస్తుంది. కానీ కొత్త టీములు డిస్క్ పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. లెక్క ఎనిమిదికో తొమ్మిదికో వచ్చేదాకా ముందుకే చూస్తూ ఉండి, కంగారులో గాల్లోకి వదిలేస్తారు. ఆవిడ పెట్టిన డ్రిల్‌లో మార్క్ చేసే అమ్మాయి, అంటే విసిరే అమ్మాయికి ఎదురుగా నిలబడే డిఫెండర్, లెక్క ఐదు నుంచి మొదలుపెడుతుంది. ఆరు వినపడగానే విసిరే అమ్మాయి భుజాలు రెండూ డంప్ వైపు తిరగాలి. తల మాత్రమే తిప్పితే చాలదు. భుజాలు తిరిగితేనే హ్యాండ్లర్ కదులుతుంది, ఎప్పుడు పరుగెత్తాలో తనకి తెలుస్తుంది. ఎవరికీ విసుగు రాకుండా ఇంత చిన్న విషయాన్ని అన్ని వారాలు నేర్పించిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. వసంతకాలంలో టోర్నమెంట్లు మొదలై, మైదానాల మీద గాలి విపరీతంగా వీస్తుంటే, మిగతా కొత్త టీములు హక్‌లు వేసి డిస్క్ పోగొట్టుకున్నాయి. మేం పక్కకీ వెనక్కీ ఇచ్చుకుంటూ నెమ్మదిగా పైకి వెళ్ళాం.

ఆవిడ గురించి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. మాకు సాయం చేయడానికి ఒప్పుకునే ముందు తన కెప్టెన్లను అడిగారట. వాళ్ళు వెంటనే సరేనన్నారు. మేం మా జోన్ డిఫెన్స్ ఎలా వేయాలో మాట్లాడుకోవడం మొదలుపెట్టగానే ఆవిడ లేచి, నీళ్ళ బాటిళ్ళు నింపుకొస్తానని దూరంగా వెళ్ళిపోయేవారు. మా ప్లేలు తనకి తెలియకూడదని. కాన్ఫరెన్స్ టోర్నమెంట్‌లో ఆ టీమ్ మమ్మల్ని ఓడించింది. మా గురించి తెలిసినదేదీ ఆవిడ ఆ రోజు వాడలేదని మా అమ్మాయిల్లో ఎవరిని అడిగినా చెబుతారు.

ఇక ఇంకో ప్రత్యర్థి టీమ్‌లోని హ్యాండ్లర్. రీజియన్ అంతా తెలిసిన ఆటగత్తె. ఎడమచేత్తో కూడా త్రో వేయగలదు, మార్క్ చేసే డిఫెండర్‌ని ఒక్క అడుగుతో తప్పించి అవతలి వైపుకి డిస్క్ పంపేస్తుంది. శీతాకాలం సెలవుల తర్వాత వాళ్ళ టీమ్‌తో మాకు స్క్రిమేజ్, అంటే ప్రాక్టీస్ మ్యాచ్ జరిగింది. అయిపోయాక తను మా కొత్త అమ్మాయిల్లో ఫ్లిక్ సరిగా పడని వాళ్ళని పక్కకి పిలిచింది. ఫ్లిక్ అంటే ఫోర్‌హ్యాండ్ త్రో. కొత్తవాళ్ళు చెయ్యంతా ఊపుతారు, డిస్క్ వణుకుతూ పోతుంది. తను మోచేతిని నడుముకి ఆనించి ఉంచమని, మణికట్టు ఒక్కటే కదపమని, దూరం గురించి ఇప్పుడు పట్టించుకోవద్దని చెప్పి, ఒక్కొక్కరి ఎదురుగా నిలబడి చీకటి పడేదాకా వేయించింది. వాళ్ళ వ్యాన్ తన కోసం ఆగి ఉంది. తన టీమ్‌మేట్స్ కూడా వచ్చి ఇంకో జతలుగా నిలబడ్డారు. మా టీమ్‌లో ఇప్పుడు నమ్మకంగా ఫ్లిక్ వేసే అమ్మాయిలందరూ ఆ సాయంత్రం తర్వాతే అలా మారారు.

రీజినల్స్‌లో మళ్ళీ వాళ్ళతోనే ఆడాం. స్కోర్ దగ్గర దగ్గరగా ఉంది. తను ఎండ్‌జోన్ మూలలో డైవ్ చేసి డిస్క్ పట్టుకుంది, లేఅవుట్ అంటాం. వాళ్ళ సైడ్‌లైన్ అంతా గంతులేసింది. మా డిఫెండర్ వెనక ఉండటంతో ఏమీ చూడలేకపోయింది, మా వైపు నుంచి ఎవరూ అవుట్ అనలేదు. తను లేచి, నా కాలు గీత మీద పడింది, పాయింట్ కాదు అని చెప్పేసింది. అల్టిమేట్‌లో గీత కూడా అవుట్ కిందే లెక్క. ఆ డిస్క్ మాకొచ్చింది, మేం దాన్ని పాయింట్‌గా మార్చుకున్నాం. చివరికి వాళ్ళే గెలిచారు. అయినా ఆ ఒక్క మాట చెప్పడానికి తనకి ఆలోచించాల్సిన అవసరం కూడా రాలేదు, దాన్నే నేను మర్చిపోలేను.

కాలహన్ అవార్డు గురించి చాలామంది అడుగుతుంటారు. ఒరెగాన్ యూనివర్సిటీ ఆటగాడు హెన్రీ కాలహన్ పేరుమీద 1996 నుంచి ఇస్తున్నారు. దేశంలోని కాలేజీ ఆటగాళ్ళే ఓటేస్తారు. ఆటతో పాటు నాయకత్వం, క్రీడాస్ఫూర్తి కూడా చూడాలని దాని ఉద్దేశం. నా ఓటు ఎవరికో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

రీజియన్‌లో మంచి ఆటగాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు మాత్రం నాకో బాధ ఉంది. పాయింట్లు కొట్టేవాళ్ళూ, కొట్టించే త్రోలు వేసేవాళ్ళే అందరికీ గుర్తుంటారు. ఎదుటి టీమ్ బెస్ట్ కట్టర్‌ని, అంటే డిస్క్ అందుకోవడానికి ఖాళీలోకి పరుగెత్తే ఆటగత్తెని, మ్యాచ్ అంతా అంటిపెట్టుకుని, అసలు ఆమె వైపు త్రో పడకుండా చేసే డిఫెండర్ ఏ లెక్కలోనూ కనపడదు. ఉత్తరం వైపు నుంచి వచ్చిన ఒక టీమ్‌లో అలాంటి డిఫెండర్ ఉంది. మా బెస్ట్ కట్టర్‌కి శనివారమంతా డిస్క్ అందనివ్వలేదు. మ్యాచ్ అయ్యాక తనే వచ్చి, నువ్వు కట్ మొదలుపెట్టే ముందు ప్రతిసారీ కుడి భుజం కిందికి దించుతున్నావ్, నాకు అదే గుర్తు, అని చెప్పింది. ఆదివారం మళ్ళీ తారసపడే అవకాశం ఉన్న టీమ్‌కి! మా అమ్మాయి రాత్రి హోటల్ పార్కింగ్‌లో ఆ అలవాటు మానడానికి ప్రాక్టీస్ చేసింది. నా వరకు ఈ ఏడాది మా రీజియన్‌లో బెస్ట్ డిఫెండర్ ఆ అమ్మాయే.

ఆదివారం నాటికి మాకు దెబ్బలు తగలకుండా మిగిలింది పదిమందే. మార్చి మార్చి ఆడటానికి కూడా మనుషులు చాలరు. వేరే కాలేజీ వాళ్ళని అప్పు తెచ్చుకుని ఆడించడానికి రూల్స్ ఒప్పుకోవు. అందుకని అప్పటికే ఓడిపోయిన రెండు టీములు ఇంటికి బయల్దేరకుండా మా సైడ్‌లైన్ మీదికి వచ్చాయి. వాళ్ళ టెంట్ తెచ్చి మాకు నీడ వేశారు. ఐస్ తెచ్చారు. డిస్క్ గాల్లోకి లేచిన ప్రతిసారీ మా డిఫెండర్లకి వినపడేలా "అప్!" అని అరిచారు. వెన్ను తిప్పి పరుగెత్తే డిఫెండర్‌కి ఆ అరుపు ఎంత అవసరమో ఆడినవాళ్ళకే తెలుస్తుంది. మా అమ్మాయి చీలమండ బెణికితే కట్టు కట్టింది కూడా వాళ్ళలో ఒకరే. అబ్జర్వర్లుగా వచ్చిన పాత ఆటగాళ్ళకీ, మైదానాలకి గీతలు వేసిన వాలంటీర్లకీ కూడా మా నమస్కారాలు.

ఈ ఆట మొదటినుంచీ ఇలాగే నడిచింది. 1968లో న్యూజెర్సీలోని మేపుల్‌వుడ్‌లో, కొలంబియా హైస్కూల్ పిల్లలు తమంతట తాము మొదలుపెట్టారు. వాళ్ళు కాలేజీలకి వెళ్తూ దాన్ని వెంట తీసుకెళ్ళారు. 1972 నవంబర్ 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ మధ్య మొదటి కాలేజీ మ్యాచ్ జరిగితే రట్గర్స్ 29-27తో గెలిచింది. యూనివర్సిటీలు పూనుకుని పెట్టిన ఆట కాదు కాబట్టి, తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకి నేర్పితేనే కొత్త టీము పుడుతుంది. మాకు నేర్పిన కోచ్ గారికి కూడా, ఆవిడ కాలేజీ రోజుల్లో ఒక ప్రత్యర్థి టీమ్ కెప్టెనే నేర్పిందట.

డబ్బు పంపిన మీకందరికీ పేరుపేరునా వందనాలు. వ్యాన్ అద్దె, హోటల్ గదులు, టోర్నమెంట్ ఫీజులు, ఫస్ట్ ఎయిడ్ సామాను, అన్నీ అందులోంచే గడిచాయి. రీజినల్స్‌కి పిల్లలతో సహా వచ్చి, రూల్స్ తెలియకపోయినా రెండు టీముల పాయింట్లకీ చప్పట్లు కొట్టిన కుటుంబం గురించి ఇప్పటికీ మా వాళ్ళు చెప్పుకుంటున్నారు.

ఫండ్‌లో కొంత మిగిలింది. మా కాన్ఫరెన్స్‌లోనే ఇంకో కాలేజీలో వచ్చే ఆగస్టు నుంచి విమెన్స్ టీమ్ మొదలుపెడుతున్నారు, వాళ్ళ దగ్గర డిస్క్‌లు కూడా లేవు. మిగిలిన డబ్బుతో వాళ్ళకి డిస్క్‌లూ కోన్‌లూ కొనిద్దామని, మొదటి నెల మేమే వెళ్ళి ప్రాక్టీస్ చేయించాలని టీమ్ అంతా కలిసి అనుకున్నాం. డబ్బు మీది కాబట్టి, దీనికి అభ్యంతరం ఉన్నవాళ్ళు ఈ నెలాఖరులోగా నాకు మెసేజ్ పెట్టండి. మీ వంతు తిరిగి పంపించేస్తాను.