ఆ లెక్కలో ఫుడ్ స్టాంపులు లేవు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో సంక్షేమ పథకాల మీద వచ్చిన వ్యాసం చదివాను. అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1964 జనవరిలో పేదరికం మీద ప్రకటించిన యుద్ధం ఓడిపోయిందని అందులో రాశారు. అక్కడ 1973లో పేదలు 11.1 శాతం ఉంటే 2023లోనూ 11.1 శాతమే ఉన్నారని, యాభై ఏళ్ళ ఖర్చు వృథా అయిందని తేల్చేశారు. అంకెలు నిజమే. వాటిని పట్టుకుని ఇచ్చిన తీర్పు మాత్రం తప్పు. ముప్ఫై ఏళ్ళు బళ్ళో సోషల్ పాఠాలు చెప్పిన నాకు ఊరుకోబుద్ధి కాక రాస్తున్నాను.

ముందు ఆ 11.1 ఎలా వచ్చిందో చూడాలి. అమెరికాలో పేదరికపు గీతను 1960ల మొదట్లో సోషల్ సెక్యూరిటీ శాఖ ఉద్యోగిని మోలీ ఓర్షాన్‌స్కీ లెక్కగట్టారు. బాగా పొదుపుగా తింటే ఒక కుటుంబానికి తిండి ఖర్చు ఎంతవుతుందో చూసి, దాన్ని మూడింతలు చేశారు. అప్పట్లో అక్కడి కుటుంబాల సంపాదనలో దాదాపు మూడో వంతు తిండికే పోయేది మరి. ధరలు పెరిగిన కొద్దీ ఆ గీతను పైకి జరుపుతూ వస్తున్నారు. ఎవరు గీతకు పైన, ఎవరు కింద అని చూసేటప్పుడు మాత్రం ఇంటికొచ్చే నగదునే లెక్కిస్తారు. పేదలు తిండి సరుకులు కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే కూపన్లు, అంటే 1964 చట్టంతో స్థిరపడిన ఫుడ్ స్టాంపులు, ఆ లెక్కలో లేవు. 1965లో వచ్చిన మెడికెయిడ్ కింద పేదలకు అందే వైద్యం లేదు. ఇంటద్దె సాయం లేదు. ఆకలితో వచ్చిన పిల్లాడికి అన్నం పెట్టి, జ్వరానికి మందిచ్చి, ఆ తర్వాత వాడి జేబులో చిల్లర లెక్కపెట్టి "వీడికి ఏమీ అందలేదు" అని రిజిస్టర్లో రాసుకున్నట్టుంది ఇది.

పోనీ, ఆ నగదు లెక్కే తీసుకుందాం. 1964లో పేదలు 19 శాతం. 1973 నాటికి 11.1 శాతం. వ్యాసకర్త కథను 1973 దగ్గర మొదలుపెట్టడంతో అసలు మార్పు జరిగిన ఆ తొమ్మిదేళ్ళు పాఠకుడికి కనిపించకుండా పోయాయి. ఆ రోజుల్లో ఉద్యోగాలు బాగా దొరకడం కూడా ఇందుకు ఒక కారణమే, కాదనను. ముసలివాళ్ళ సంగతి చూడండి. 1959లో అరవై అయిదు దాటినవాళ్ళలో 35 శాతం పేదలు. ఇప్పుడు ఆ సంఖ్య 10 శాతం దగ్గర ఉంది. పింఛను పెంచుతూ పోయారు కాబట్టి అది తగ్గింది. పింఛను నగదు కదా, అందుకే ఈ లెక్కకు కూడా కనిపించింది!

జాన్సన్ గురించి నాకు ఎప్పుడూ గుర్తొచ్చే విషయం ఒకటుంది. 1928లో, ఇంకా కాలేజీ చదువు పూర్తి కాకముందే, ఆయన టెక్సస్‌లోని కొటుల్లా అనే చిన్న ఊళ్ళో మెక్సికన్ కుటుంబాల పిల్లలకు పాఠాలు చెప్పారు. 1965 మార్చిలో నల్లజాతివారి ఓటు హక్కు కోసం అమెరికా కాంగ్రెస్‌లో మాట్లాడుతూ, ఆ పిల్లలు చాలాసార్లు ఏమీ తినకుండా ఆకలితోనే బడికొచ్చేవారని గుర్తు చేసుకున్నారు. ఖాళీ కడుపుతో కూర్చున్న పిల్లకు ఎక్కాలు ఎక్కవని నాకూ తెలుసు. అదే ఏడాది వేసవిలో మొదలైన హెడ్ స్టార్ట్ అనే పథకంలో పేదింటి పసిపిల్లలకు అక్షరాలతో పాటు భోజనం పెట్టారు, డాక్టర్లతో, పళ్ళ డాక్టర్లతో పరీక్షలు చేయించారు. మొదటి వేసవిలోనే 5 లక్షల మందికి పైగా పిల్లలు చేరారు.

ముసలివాళ్ళ వైద్యానికి జాన్సన్ తెచ్చిన ప్రభుత్వ బీమా మెడికేర్ గురించి మా ఇంటి మాట ఒకటి చెప్పాలి. మా అన్నయ్య గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి 1973లో అమెరికా వెళ్ళాడు. వెళ్ళగలిగింది 1965 అక్టోబర్ 3న జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం వల్ల. అంతకుముందు మన దేశం మొత్తానికీ ఏడాదికి వంద మంది కోటా. అక్కడ ఆస్పత్రుల్లో శిక్షణ పొందే డాక్టర్ల జీతాల్లో కొంత భాగం అప్పుడూ ఇప్పుడూ మెడికేర్ నిధుల నుంచే వస్తుంది. అన్నయ్య అలబామాలో ఒక ఊళ్ళో పనిచేసినప్పుడు, తమను ఒకప్పుడు వేరే వార్డులో పడుకోబెట్టేవారని ముసలి నల్లజాతి పేషెంట్లు చెప్పేవారట. 1966లో మెడికేర్ అమలుకు వచ్చినప్పుడు, రంగును బట్టి రోగులను వేరుచేసే ఆస్పత్రికి ఒక్క డాలరు కూడా ఇచ్చేది లేదని ప్రభుత్వం గట్టిగా చెప్పింది. దక్షిణాదిలో ఏళ్ళ తరబడి కదలని ఆస్పత్రులు కొద్ది నెలల్లో వార్డులు కలిపేశాయి. పేదరికపు శాతాల్లో ఇది ఏ గడిలో పడుతుంది?

లోపాలు లేవని నేను అనడం లేదు. పేదలే తమ పథకాలు నడుపుకోవాలన్న కమ్యూనిటీ యాక్షన్ ఆలోచన నగరాల మేయర్లకు నచ్చలేదు, దాన్ని త్వరగానే కట్టడి చేశారు. వియత్నాం యుద్ధం మరీ దెబ్బతీసింది. ఆ యుద్ధం పేదల డబ్బును పీల్చేస్తోందని మార్టిన్ లూథర్ కింగ్ 1967లోనే చెప్పారు. 1968లో 10 శాతం అదనపు పన్నుకు కాంగ్రెస్‌ను ఒప్పించడానికి 600 కోట్ల డాలర్ల ఖర్చు కోతకు జాన్సన్ తలవంచాల్సి వచ్చింది. మన కరువు రోజుల్లో పి.ఎల్. 480 అనే అమెరికా ఆహార సాయం కింద రావలసిన గోధుమలను నెలనెలా ఆపి ఆపి పంపించిందీ ఈయనే. చిన్నప్పుడు బళ్ళో ఆ గోధుమనూక ఉప్మా తిన్నదాన్ని. తన దేశంలో ఆకలి గురించి అంత చక్కగా మాట్లాడిన మనిషి మన విషయంలో అలా చేశారంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఇవన్నీ రాసి విమర్శిస్తే నాకు అభ్యంతరం లేదు.

మీ వ్యాసం చదివి, ఇక్కడి పథకాలు కూడా దండగేనని మా వీధిలో ఇద్దరు ముగ్గురు నాతో వాదించారు. అందుకే అడుగుతున్నాను. వచ్చే ఆదివారం అదే పేజీలో ఒక్క సవరణ వేయండి: 1964లో ఆ అంకె 19 అని, 11.1 శాతం లెక్కలో ఫుడ్ స్టాంపులు, వైద్యం కలపలేదని.

— విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి