ఆవకాయకు సంజాయిషీ ఇచ్చుకున్నాం, మరి వాళ్లు?

సంపాదకుడు గారికి,

ఎమ్మెల్యేల వ్యాపారాల మాట వచ్చినప్పుడల్లా నాకు మా ఇంటి ఆవకాయ గుర్తొస్తుంది. నేను ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో మా ఆవిడ ఎండాకాలంలో ఆవకాయ పెట్టి తెలిసినవాళ్లకు అమ్మేది. నాలుగు సీసాలు మా సెక్షన్‌కి కూడా మోసుకెళ్లాను. ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. వారం తిరక్కుండా మెమో! ప్రభుత్వ ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమావళి ప్రకారం చర్య ఎందుకు తీసుకోకూడదో సంజాయిషీ ఇవ్వమని. రెండు పేజీలు రాసిచ్చాను. సీసాలు మాత్రం ఎవరూ వాపసు ఇవ్వలేదు.

ఉద్యోగి వ్యాపారం చేయకూడదన్న ఆ నియమం తప్పని అనను. కానీ మాకు రూల్స్ రాసేవాళ్ల సంగతి చూడండి. ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో, అంటే జీతమో మరో లాభమో వచ్చే పదవిలో ఉంటే ఎమ్మెల్యేగా అనర్హుడని రాజ్యాంగం 191వ అధికరణం చెబుతోంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 9ఎ సెక్షన్ ప్రభుత్వ కాంట్రాక్టులు ఉండకూడదంటోంది. అవి బావమరిది పేరు మీద ఉంటే అడిగేదెవరు? ఇక ప్రైవేటు కాలేజీ, ఆస్పత్రి, రియల్ ఎస్టేట్ వెంచర్ దర్జాగా నడుపుకోవచ్చు. మంత్రి అయితే వ్యాపార నిర్వహణ వదులుకోవాలని ఒక నియమావళి ఉంది గానీ అది చట్టం కాదు, మామూలుగా వాటాలు అమ్ముకోనక్కర్లేదు కూడా. ప్రజాప్రతినిధులు పూర్తికాలపు జీతగాళ్లు కారు కాబట్టి కోర్టుల్లో వకాల్తా కూడా పుచ్చుకోవచ్చని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. 2016లో మన తెలంగాణ ఎమ్మెల్యేల జీతభత్యాలు నెలకు 2.5 లక్షలకు పెంచుకున్నప్పుడు ఈ పార్ట్‌టైం సంగతి ఎవరికీ గుర్తు రాలేదేమో.

మన హైదరాబాద్ జంట జలాశయాల సంగతే తీసుకోండి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడటానికి 1996లో తెచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కట్టడాలకు పగ్గం వేసింది. 2022లో 69 జీవోతో ఆ పగ్గం వదిలారు. చిలుకూరు బాలాజీ గుడికి బస్సులో వెళ్తుంటే కిటికీలోంచి కనిపించేవి ఎత్తైన ప్రహరీలు, వాటి మీద సీసీ కెమెరాలు. లోపలి మామిడి చెట్ల కొమ్మలు మాత్రం బయటికి వాలి ఉంటాయి. జీవో ఎత్తేయమన్న ప్రజాప్రతినిధుల్లో, వద్దన్నవాళ్లలో కూడా, ఆ గోడల వెనక ఎవరికి ఎన్ని ఎకరాలున్నాయో తెలుసుకోవాలంటే నాబోటివాడు ఎన్నికల అఫిడవిట్లు తవ్వుకోవాలి. బినామీ అయితే అక్కడా దొరకదు.

సొంత సంపాదన ఉన్నవాడు చెయ్యి చాపడు అంటారు. నేనూ చాలాకాలం నమ్మాను. కాసులు కురిసే ప్రాక్టీసు వదిలేసిన ప్రకాశం పంతులు గారిలా, ఎమ్మెల్యేగా ఐదుసార్లు గెలిచి కూడా బస్సుల్లో తిరిగిన గుమ్మడి నర్సయ్య గారిలా అందరూ ఉండాలనుకోవడం అత్యాశే. వ్యాపారాలు మూసెయ్యమని కూడా నేను అడగడం లేదు. ఇంజినీరింగ్ ఫీజుల మీద మాట్లాడే కాలేజీ యజమాని నిజంగానే పిల్లల మంచి కోరుతున్నాడేమో. అతని మనసులోకి నేను తొంగి చూడలేను. కాబట్టి ముందే లేచి, "అధ్యక్షా, ఇందులో నాకు లాభం ఉంది" అని చెప్పి, ఓటింగుకు దూరంగా కూర్చుంటే చాలు.

రాజ్యసభలో సభ్యుల ప్రయోజనాలకు ఒక రిజిస్టర్ ఉంది. కంపెనీ డైరెక్టర్ పదవి, మెజారిటీ వాటా, డబ్బు తీసుకుని చేసే కన్సల్టెన్సీ లాంటివన్నీ అందులో రాయాలి. అలాంటిదే మన శాసనసభకూ పెట్టి, ఏటా సరిచేసి, వెబ్‌సైట్‌లో తెలుగులో ఉంచాలి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఫీజుల మీదో, చెరువుల మీదో సభలో చర్చ జరిగినప్పుడు, మాట్లాడిన సభ్యుడి పేరు పక్కన పార్టీ పేరు వేస్తున్నారు కదా. అఫిడవిట్‌లో ఆయన రాసుకున్న వృత్తి కూడా అక్కడే వెయ్యండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
నల్లకుంట, హైదరాబాద్