ఓడ కదిలే రోజే ముంబై చేర్చే మీ ప్రయాణ ప్రణాళిక మార్చండి

విజయవాడ,
నవంబర్ 9, 2026.

మేనేజర్ గారికి,
కస్టమర్ సేవల విభాగం.

విషయం: జనవరి 18న ముంబై నుంచి లక్షద్వీప్ వెళ్ళే క్రూజ్ ప్యాకేజీలో, ఓడ బయలుదేరే రోజే ముంబై చేరేలా వేసిన ప్రణాళిక మీద ఫిర్యాదు.

అయ్యా,

మా 32 మంది బృందానికి మీరు పంపిన ప్రయాణ ప్రణాళిక అందింది. ఓడలో ఇచ్చిన గదుల మీద గానీ, భోజనాల మీద గానీ మాకు పేచీ లేదు. మా ఫిర్యాదంతా మమ్మల్ని ఓడ దాకా చేర్చే దారి గురించే. విజయవాడ నుంచి రానుపోను ప్రయాణం, క్రూజ్ కలిపి తలకు 46,000 రూపాయల చొప్పున ఒకే ప్యాకేజీగా అమ్మారు కాబట్టి, ఆ దారి కూడా మీ సరుకే.

మీరు వేసిన దారి ఇది: 17 ఆదివారం అర్ధరాత్రి 12.30కి బెంజి సర్కిల్ దగ్గర బస్సు, 18 సోమవారం ఉదయం 6.30కి శంషాబాద్, 10.35కి విమానం, 12.10కి ముంబై, 2 గంటలకు ఓడ దగ్గర. కింద 'ఓడ 4.30కి కదులుతుంది కనుక రెండున్నర గంటల వ్యవధి ఉంది' అని రాశారు. పొరపాటు అక్కడే మొదలైంది. లెక్క వేసుకోవాల్సింది ఓడ కదిలే గంటను బట్టి కాదు, చెక్-ఇన్ మూసే గంటను బట్టి. మీరు పంపిన ఓడ టికెట్ మీదే 'చెక్-ఇన్ ముగింపు 3.00' అని ఉంది. ఆ తర్వాత ప్రయాణికుల జాబితా ఖరారు చేసి పోర్టు అధికారులకు ఇచ్చేస్తారు. ఓడను రేవు దాటించే పైలట్ ఎక్కుతాడు, ఓడను లాగే టగ్గు పడవలు వస్తాయి, నిచ్చెన తీసేస్తారు. 3.20కి గేటు దగ్గర నిలబడి, కళ్ళ ముందే ఉన్న ఓడను చూపించి బతిమాలినా ఎక్కించుకోరు. ఇది ఎవరో ఒకరు మొండికేయడం వల్ల జరిగేది కాదు, ఓడల పద్ధతే అంత.

కాబట్టి మీ లెక్కను 3 గంటలకు సరిచేసి చూడండి. విమానం ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాకుండా 12.10కే ఆగిందనుకుందాం. మాలో నలుగురికి వీల్‌చైర్ కావాలి. వీల్‌చైర్ వాళ్ళను చివర్న దించుతారు కాబట్టి అందరూ బయటపడేసరికి 12.35 అవుతుంది. బ్యాగులు బెల్టు మీదికి వచ్చి, 32 మందీ ఎవరివి వాళ్ళు తీసుకునేసరికి 1.05. తలలు లెక్కపెట్టుకుని, పార్కింగ్‌లో బస్సు వెతుక్కుని, సామాను ఎక్కించేసరికి 1.25. ముంబై రోడ్డు మీద గంటా పది నిమిషాలు పట్టినా 2.35. పోర్టు గేటు దగ్గర గుర్తింపు కార్డుల తనిఖీ, బ్యాగులకు ట్యాగులు కట్టి అప్పగించే క్యూ దాటేసరికి 3.00. అంతా సవ్యంగా జరిగితేనే మిగులు సున్నా. ఇక మా బృందానికి ఓడవాళ్ళు ఇచ్చిన బోర్డింగ్ సమయం 1.00 నుంచి 1.30 వరకు. మీ ప్రణాళికలో ఆ మాటే లేదు.

సవ్యంగా జరగకపోవడానికి ఆ రోజు కారణాలు చాలానే ఉన్నాయి. మొదటిది మన హైవే. జనవరి 15 సంక్రాంతి, 16 కనుమ, 17 ఆదివారం. పండక్కి ఊళ్ళకు వచ్చినవాళ్ళంతా సోమవారం ఆఫీసులు అందుకోవాలని తిరుగు ప్రయాణమయ్యే రాత్రి అది. చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్ల దగ్గర ఏటా ఏం జరుగుతుందో విజయవాడలో ఆఫీసు ఉన్న మీకు మేం చెప్పక్కర్లేదు. ఫాస్టాగ్ ఉన్నా ముందున్న వాహనాలు కదిలితేనే కదా బస్సు కదిలేది! మామూలు రాత్రి అయిదారు గంటల దారిని మీరు ఆ రాత్రికి కూడా ఆరు గంటలనే వేశారు. సూర్యాపేట దగ్గర టీకీ, బాత్రూమ్‌కీ ఆగడం కూడా అందులోనేనట. అరవై, డెబ్భై ఏళ్ళవాళ్ళు 32 మంది దిగి ఎక్కడానికే అరగంట కావాలి. శంషాబాద్‌లో సామాను కౌంటర్ విమానానికి గంట ముందు, అంటే 9.35కి మూసేస్తారు. బస్సు మూడు గంటలు వెనకపడితే అక్కడే కథ ముగుస్తుంది.

రెండోది విమానం. జనవరిలో పొగమంచు ఢిల్లీ ఉదయాలను దెబ్బతీస్తుంది. హైదరాబాద్‌లో ఎండ కాస్తున్నా మన విమానం ఆలస్యం కావచ్చు. ఎందుకంటే ఒకే విమానం రోజుకు నాలుగైదు ఊళ్ళు తిరుగుతుంది. పొద్దున ఉత్తరాదిలో ఆగిపోయిన విమానమే 10.35కి మనల్ని ఎక్కించుకోవాల్సినదై ఉంటే ఆ ఆలస్యం మన నెత్తిన పడుతుంది. శంషాబాద్‌లోనూ జనవరి తెల్లవారుజామున మంచు పడుతుంది. సరే, విమానం రద్దే అయిందనుకోండి. తర్వాతి విమానంలో రెండు సీట్లో అయిదు సీట్లో దొరుకుతాయి గానీ, పండగ వెళ్ళిన సోమవారం 32 సీట్లు ఒక్కచోట దొరకవు. ఒకరిద్దరికి పనికొచ్చే 'తర్వాతి విమానం' అనే మాట పెద్ద బృందానికి పనికిరాదు. పెద్ద బృందాలను నడిపే కంపెనీకి ఇది తెలియకపోవడం మాకు మింగుడుపడని విషయం.

అప్పుడు విమానయాన సంస్థ మనకు ఇచ్చేది ఎంత? పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం రెండు గంటలు దాటిన ఆలస్యానికి టిఫినో భోజనమో ఇస్తారు. చెప్పాపెట్టకుండా రద్దు చేస్తే, గంట నుంచి రెండు గంటలు ఎగిరే ఇలాంటి విమానానికి గరిష్ఠ పరిహారం 7,500 రూపాయలు. లేదా మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం. రెండింటిలో ఏది తక్కువైతే అదే. వాతావరణం కారణమైతే ఆ పరిహారమూ ఉండదు. తప్పిపోయిన ఓడతో వాళ్ళకు ఏ సంబంధమూ లేదు, ఎందుకంటే వాళ్ళు అమ్మింది ముంబై దాకా టికెట్టే. ఓడ దాకా అమ్మింది మీరు.

మూడోది ముంబై. మీ పీడీఎఫ్ రెండో పేజీలో విమానం నవీ ముంబై విమానాశ్రయంలో దిగుతుందని ఉంది. నాలుగో పేజీలో డ్రైవర్‌కు ఇచ్చిన కాగితంలో 'టెర్మినల్ 2 బయట, అంధేరి' అని ఉంది. 2025 డిసెంబర్ నుంచి ముంబైకి రెండు విమానాశ్రయాలు. టికెట్ మీద బీఓఎం అని ఉంటే అంధేరి వైపున్న పాతది, ఎన్ఎంఐ అని ఉంటే కొత్తది. కొత్తదానిలో దిగితే అటల్ సేతు మీదుగా సముద్రం దాటి శివ్‌డీ దగ్గర నగరంలోకి రావాలి. పాతదానిలో దిగితే చెంబూరు వైపు వచ్చి ఈస్టర్న్ ఫ్రీవే ఎక్కాలి. మేం ఒకచోట దిగి, బస్సు ఇంకోచోట నిలబడితే, అది అటు నుంచి ఇటు రావడానికే గంట దాటుతుంది.

అదే కాగితంలో దింపాల్సిన చోటు 'భావుచా ధక్కా' అని రాశారు. అది మజ్‌గావ్‌లో ఉన్న ఫెర్రీ రేవు. మాండ్వా వైపు వెళ్ళే పడవలు అక్కడ ఆగుతాయి. మా ఓడ టికెట్ మీద ఉన్నది బల్లార్డ్ పియర్‌లోని అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్, గ్రీన్ గేట్. రెండింటికీ మధ్య మూడు నాలుగు కిలోమీటర్లే అయినా, అది సరుకు లారీలు తిరిగే పోర్టు రోడ్డు. 2.35కి తప్పుడు రేవు దగ్గర సామాను దింపితే మళ్ళీ ఎక్కించి సరైన గేటుకు చేరేలోగా మూడు దాటుతుంది. డ్రైవర్ కాగితంలో 'గ్రీన్ గేట్, బల్లార్డ్ పియర్' అన్న మాటలు, ఓడ పేరు, మీ ముంబై ప్రతినిధి ఫోన్ నంబరు తప్పకుండా ఉండాలి.

ఓడ తప్పితే ఏమవుతుందో కూడా మీ ప్రణాళికలో లేదు. గోవా మీదుగా పోయే ఓడైతే, ఓడవాళ్ళు ఒప్పుకుంటే, సొంత ఖర్చుతో వెళ్ళి అక్కడ ఎక్కే అవకాశం కొంతైనా ఉంటుంది. మాది నేరుగా లక్షద్వీప్ వెళ్ళే ఓడ. అక్కడ విమానం దిగే చోటు అగత్తి ఒక్కటే. ప్రవేశానికి ముందస్తు అనుమతి పత్రం కావాలి. ఓడ దీవికి దూరంగా లంగరు వేస్తుంది, జనాన్ని చిన్న పడవల్లో దింపుతారు. వెనక నుంచి వెళ్ళి అందుకునే మార్గం ఆచరణలో లేనట్టే. అంటే 3.00 దాటితే 32 మంది సొమ్ము, 14,72,000 రూపాయలు, నీళ్ళపాలు. మీ నిబంధనల 11వ అంశం మాత్రం 'రవాణా ఆలస్యాలకు కంపెనీ బాధ్యత వహించదు, క్రూజ్ రుసుము వాపసు ఇవ్వబడదు' అంటోంది. ఏ విమానం ఎక్కాలో మీరు నిర్ణయించారు. ఏ బస్సో, ఏ గంటో మీరే నిర్ణయించారు. నష్టం మాత్రం మాది అనడం న్యాయం కాదు.

మా కోరిక సులువైనదే, ముంబైకి ముందు రోజే చేర్చండి. ఎలాగో కూడా రాస్తున్నాం. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, మా పెద్దవాళ్ళు 16న గడప దాటరు. 17 ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకు బస్సు బయలుదేరదీయండి. పండగ రద్దీలో పది గంటలు పట్టినా 2 గంటలకు శంషాబాద్ చేరతాం. సాయంత్రం 5 తర్వాతి విమానం వేయండి. ఆదివారం పొద్దున విమానం మాత్రం వద్దు. జనవరి మూడో ఆదివారం ముంబై మారథాన్ జరిగే రోజు. ఉదయం పూట సీఎస్ఎంటీ రైల్వే స్టేషన్ చుట్టుపక్కల రోడ్లు మూసేస్తారు. రాత్రికి చేరితే ఆ బాధ లేదు. ఒకవేళ ఆ విమానం రద్దయినా సోమవారం ఉదయపు విమానాల్లో విడివిడిగానైనా సర్దడానికి మీకు రాత్రంతా ఉంటుంది.

బస ఫోర్ట్ ప్రాంతంలో గానీ, సీఎస్ఎంటీ దగ్గర గానీ ఇవ్వండి. అక్కడి నుంచి గ్రీన్ గేట్ రెండు మూడు కిలోమీటర్లలోపే. విమానాశ్రయం దగ్గర చవగ్గా దొరుకుతుందని అంధేరిలో పెట్టకండి. అలా చేస్తే సోమవారం పొద్దుటి రద్దీలో నగరమంతా దాటాల్సి వస్తుంది. గదికి 5,000 అనుకున్నా 16 గదులకు 80,000, తలకు 2,500 రూపాయలు. ఇందులో సగం భరించడానికి మా బృందం సిద్ధంగా ఉంది. మిగతా సగం మీది, ఎందుకంటే తొలి ప్రణాళికలో తప్పు మీది.

పేర్ల సంగతి కూడా వెంటనే చూడండి. మీ జాబితాలో తొమ్మిది మందికి ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది. ఇద్దరికి ఇంటిపేరు వెనక్కి వెళ్ళింది. ఓడ జాబితా, విమాన టికెట్, కార్డు మూడింటిలో పేరు ఒక్కలా లేకపోతే కౌంటర్ దగ్గర ఒక్కొక్కరికీ పది నిమిషాలు పోతాయి. సరిచేసిన జాబితా ఈ లేఖతో జతచేశాం. బయటి తినుబండారాలు ఓడలోకి రానివ్వరని, ఊరగాయ చేతిసంచిలో ఉంటే విమానాశ్రయంలోనే తీసేస్తారని బృందానికి తెలుగులో ఒక పేజీ రాసి పంపండి. మావాళ్ళు జాడీలు సర్దుకునేలోగా అది అందాలి. అప్పగించిన బ్యాగులు గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు కాబట్టి మందులు, కార్డులు చేతిసంచిలోనే ఉంచుకోమని కూడా అందులో చేర్చండి.

తిరుగు విమానం 10.15 అని ఉంది. ఓడ ఆగేది 7.30కి. డెక్కుల (ఓడ అంతస్తుల) వరసలో దించి, బ్యాగులు చేతికి వచ్చేసరికి తొమ్మిదిన్నర. మధ్యాహ్నం 2 గంటల తర్వాత బయలుదేరే విమానానికి మార్చండి.

'ఇన్సూరెన్స్ కలదు' అన్న ఒక్క ముక్క చాలదు. పాలసీ కాగితం పంపండి. విమానం ఎన్ని గంటలు ఆలస్యమైతే వర్తిస్తుందో, తప్పిన క్రూజ్ సొమ్ము అందులో ఉందో లేదో మేం చదివి చూసుకోవాలి. మారిన ప్రణాళికతో పాటు, మీరు వేసిన ప్రయాణం వల్ల ఓడ తప్పితే బాధ్యత మీదేనని 11వ అంశాన్ని సవరించి, సంతకం చేసి పంపండి.

రెండో వాయిదా ఈ నెల 20న కట్టాలి. 16వ తేదీ సోమవారం సాయంత్రం 6 గంటలలోగా పై వాటికి రాతపూర్వకంగా జవాబు రాకపోతే ఆ వాయిదా నిలిపివేసి, 17 ఉదయం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాం. అక్కడా తేలకపోతే ఎన్టీఆర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. మారిన టికెట్లు 16లోగా అందితే మిగతా సొమ్ము 20 దాకా ఆగకుండా ఆ రోజే కడతాం.

ఇట్లు,
32 మంది ప్రయాణికుల తరఫున,
బృందం సమన్వయకర్తలు.

జతపరచినవి: మీ ప్రణాళికలోని 2, 4 పేజీలు (తప్పులు గుర్తుపెట్టినవి), ఓడ టికెట్ నకలు, సరిచేసిన పేర్ల జాబితా.