మంత్రి గారూ, మెషీన్ల లెక్క సరే, షిఫ్టుల లెక్క కూడా చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం, ఉద్దానం ప్రాంతం. ఉద్దానం అంటే మీ పేపర్ చదివే వాళ్లలో తెలియని వాళ్లు ఉండరనుకుంటా, మా కొబ్బరి తోటలు జీడి తోటల కంటే ముందు మా కిడ్నీ జబ్బే రాష్ట్రం మొత్తానికి తెలిసిపోయింది. జబ్బు గురించి మీరూ చాలా సార్లు రాశారు, అందుకే నేను అసెంబ్లీలో దాని మీద మన ఆరోగ్య మంత్రులు చెప్పే జవాబుల గురించి రాస్తున్నాను.

సభ నడిచే రోజుల్లో పొద్దున్నే ప్రశ్నోత్తరాలు ఫోన్‌లో పెట్టుకుని వింటుంటాను, వైద్య ఆరోగ్య శాఖ ప్రశ్న వచ్చిందంటే చేతిలో పని ఆపేస్తాను. కామినేని శ్రీనివాస్ గారు, తర్వాత ఆళ్ల నాని గారు, విడదల రజిని గారు, ఇప్పుడు సత్యకుమార్ యాదవ్ గారు, ప్రభుత్వాలు మారాయి మంత్రులు మారారు గానీ మా ఏరియా మీద వినిపించే జవాబు అచ్చు మాత్రం మారలేదు. ఇన్ని డయాలసిస్ సెంటర్లు పెట్టాం, ఇన్ని మెషీన్లు ఇచ్చాం, ఇన్ని బెడ్లు, ఇన్ని కోట్లు, ఇంకొన్ని ప్రతిపాదనలు పరిశీలనలో ఉన్నాయి. అడిగిన ఎమ్మెల్యే గారు థాంక్స్ చెప్పి కూర్చుంటారు, స్పీకర్ గారు నెక్స్ట్ క్వశ్చన్ అంటారు, అంతే అయిపోయింది. వాళ్లు చెప్పింది అబద్ధం అని నేను అనడం లేదు, ఆ మెషీన్లు నిజంగానే వచ్చాయి. ఒకప్పుడు డయాలసిస్ అంటే మా వాళ్లు విశాఖ పోవాల్సిందే, ఇప్పుడు దగ్గర్లోనే చేయించుకుంటున్నారు, అది చేసిన ప్రతి ప్రభుత్వానికీ దండం పెడతాను. కానీ మెషీన్ల నంబర్ ఒక్కటే చెప్తే పేషెంటుకి ఏమీ అర్థం కాదు, ఎందుకో చెప్తా.

కిడ్నీలు పూర్తిగా పాడైన మనిషికి మామూలుగా వారానికి మూడు సార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు డయాలసిస్ పడాలి, అంటే మెషీన్‌తో రక్తం శుభ్రం చేయాలి, ఒక్కసారి చేస్తే ఒక సిట్టింగ్ అంటారు. ఒక మెషీన్ మీద రోజుకు మూడు షిఫ్టులు నడిపితే ఆదివారం తీసేసి వారానికి 18 సిట్టింగులు వస్తాయి, అంటే మూడు సార్లు లెక్కన ఆరుగురికి సరిపోతుంది. అదే మెషీన్ రెండు షిఫ్టులే నడిస్తే 12 సిట్టింగులు, నలుగురికే. ఇప్పుడు పది మెషీన్లున్న సెంటర్ తీసుకోండి, మూడు షిఫ్టులైతే 60 మంది, రెండు షిఫ్టులైతే 40 మంది, మెషీన్లు అవే పది, సభలో చెప్పే నంబర్ కూడా అదే పది. తేడా వచ్చిన ఆ ఇరవై మంది ఎక్కడికి పోవాలి? ఇంకోటి కూడా ఉంది, మనిషికి మూడు బదులు రెండే సిట్టింగులు ఇచ్చి సర్దితే అదే మూడు షిఫ్టుల మీద 90 మందికి చేస్తున్నాం అని చెప్పుకోవచ్చు, కాగితం మీద అది ఇంకా బాగా కనిపిస్తుంది, లోపల పేషెంటు ఒళ్లు మాత్రం నీరు పట్టిపోతుంది. అందుకే షిఫ్టుల సంగతి లేకుండా మెషీన్లు ఇన్ని అని చెప్పడం సగం జవాబే అంటున్నాను.

మా చిన్నాన్న డయాలసిస్ మీదే ఉన్నాడు, సెంటర్ పేరు రాయను, అక్కడి సిస్టర్లకీ టెక్నీషియన్లకీ ఇబ్బంది రాకూడదు, వాళ్లు ఉన్నంతలో బాగానే చూస్తారు. లోపలికి పోగానే బరువు చూస్తారు, కిందటి సిట్టింగ్ తర్వాత ఎంత ఉంది ఇప్పుడు ఎంత ఉంది అని, ఆ పెరిగిన రెండు మూడు కిలోలు అంతా ఒంట్లో ఆగిపోయిన నీరే. డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి వేసిన ఫిస్టులా మీద రెండు సూదులు గుచ్చుతారు, ఒకదాంట్లోంచి రక్తం పోతుంది ఇంకోదాంట్లోంచి వస్తుంది, నాలుగు గంటలు ఆ చెయ్యి కదపకూడదు. మొన్న వేసవిలో టెక్నీషియన్ ఒకరు సెలవు మీద పోతే ఉన్న ఒక్కరే అందర్నీ చూడాల్సి వచ్చి సిట్టింగ్ మూడు గంటలకే ఆపేశారు, తర్వాత షిఫ్టు వాళ్లు బయట బెంచీల మీద కూర్చుని ఉన్నారు కదా మరి. ఆ రాత్రి ఆయన పడుకోలేకపోయాడు, వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడదు, గోడకి ఆనుకుని కూర్చునే తెల్లారబెట్టాడు. చుట్టూ కొబ్బరి చెట్లే, ఎండ మండిపోతుంటే ఒక్క బొండం కొట్టించుకుని తాగడానికి లేదు ఆయనకి, కొబ్బరి నీళ్లల్లో పొటాషియం ఎక్కువ, గుండె మీదకి వస్తుందని డాక్టర్లు పూర్తిగా మానిపించారు. కొబ్బరి పండించే రైతు ఆయన.

ఆ ఒక్క గంట ఎందుకు తగ్గింది అన్నది ఏ మంత్రి గారి జవాబులోనూ రాదు, ఎందుకంటే ఆ ప్రశ్నే ఎవరూ అడగడం లేదు. "ఉద్దానంలో డయాలసిస్ కేంద్రాలు ఏర్పాటు చేసిన విషయం వాస్తవమేనా" అని అడిగితే "అవునండి" అనే వస్తుంది. "కాని యెడల కారణములేమి" అని కింద ఇంకో ముక్క ఉంటుంది, దానికి "ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు" అని వస్తుంది. అడిగే పద్ధతి అలా ఉన్నప్పుడు జవాబు ఇంకెలా వస్తుంది చెప్పండి. దీంట్లో మా ఎమ్మెల్యేల తప్పు కూడా ఉంది, ఏ పార్టీ అయినా సరే. నక్షత్రం గుర్తు ప్రశ్నకి మంత్రి గారు లేచి నోటితో చెప్పాలి, మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు, అసలు బలం అంతా అక్కడే ఉంది. మా వాళ్లు ఆ టైమంతా నియోజకవర్గానికి ఇంకో అంబులెన్స్, ఇంకో బిల్డింగ్ అడగడానికే వాడేస్తారు. గంట అయిపోయాక మిగిలిన ప్రశ్నలకి జవాబులు సభ ముందు పెట్టినట్టే లెక్క, కాగితాలు పోతాయి, ఎవరు చదువుతారు వాటిని?

ఇంకో పెద్ద చిక్కు ఏంటంటే మా బాధ ఒక్కటే గానీ తిరగాల్సిన చోట్లు నాలుగు. డయాలసిస్ ఆరోగ్య శాఖది. ప్రైవేటులో చేయించుకుంటే బిల్లు ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టుది. తాగే నీళ్లు గ్రామీణ నీటి సరఫరా వాళ్లవి, అది పంచాయతీరాజ్ కింద. డయాలసిస్ వాళ్లకి వచ్చే నెలకి 10 వేల పింఛను ఇంకో చోట. ఎవరిని అడిగినా తమ ముక్క వరకే చెప్తారు. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 బెడ్ల ఆస్పత్రి, కిడ్నీ రీసెర్చ్ సెంటర్ ఓపెన్ చేశారు, అదే రోజు వంశధార నీళ్లు హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపుల్లో తెచ్చే 700 కోట్ల స్కీమ్ కూడా ఓపెన్ చేశారు. రెండూ మాకు చాలా అవసరమైనవే, ఏ పార్టీ కట్టిందన్నది మాకు అనవసరం. నీళ్లే మా రోగానికి కారణమా కాదా అన్నది ఇప్పటికీ తేలలేదు, నీళ్లల్లో సిలికా అంటారు, ఎండలో ఒళ్లు ఎండబెట్టుకుని పని చేయడం అంటారు, నొప్పుల బిళ్లలు అంటారు, పురుగు మందులు అంటారు. తేలనప్పుడు ఇంకా జాగ్రత్తగా లెక్క రాసుకోవాలి కదా, ఏ ఊళ్లో రోజూ ఆ నీళ్లు వస్తున్నాయి, ఆ ఊళ్లో కొత్త కేసులు తగ్గుతున్నాయా లేదా, ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసే బాధ్యత ఎవరిది? నా మటుకు అది ఆరోగ్య మంత్రి గారిదే అంటాను, ఎందుకంటే చివరికి మనిషి వచ్చి పడేది ఆయన ఆస్పత్రిలోనే.

పలాస ఆస్పత్రి విషయంలో కూడా బెడ్లు 200 అన్నది మాకు తెలిసిన సంగతే, బోర్డు మీదే ఉంది. మాకు కావాల్సింది ఇవాళ్టికి నెఫ్రాలజిస్టులు, అంటే కిడ్నీ స్పెషలిస్టు డాక్టర్లు, ఎంతమంది ఉన్నారు, వాళ్లలో రెగ్యులర్ ఎవరు డెప్యుటేషన్ మీద వచ్చిపోయే వాళ్లు ఎవరు, ఫిస్టులా ఆపరేషన్ ఇక్కడే చేస్తారా విశాఖ కేజీహెచ్‌కి రాస్తారా, రక్తం పెరగడానికి ఇచ్చే ఎరిత్రోపోయెటిన్ ఇంజెక్షన్ స్టాక్ ఎన్ని రోజులకి ఉంది, ఆర్ఓ ప్లాంట్ ఎప్పుడు సర్వీసింగ్ చేశారు. ఆర్ఓ ఎందుకు అడుగుతున్నానంటే ఒక్క మనిషికి ఒక్క సిట్టింగ్‌లో సుమారు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు మెషీన్ లోంచి పోతాయి, ప్లాంట్ ఆగితే ఎన్ని మెషీన్లున్నా అన్నీ ఒకేసారి ఆగినట్టే. ఇవేవీ రహస్యాలు కాదు, ప్రతి సెంటర్‌లోనూ రిజిస్టర్ ఉంటుంది, సాయంత్రానికి తెప్పించుకోవచ్చు.

డయాలసిస్ దాకా రాని వాళ్ల సంగతి అసలు మాట్లాడేవాళ్లే లేరు. ఈ జబ్బు చప్పుడు లేకుండా వస్తుంది, క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటకి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో పెరిగింది అని రిపోర్టులో కనిపించేసరికే చాలా మందికి కిడ్నీలు సగం పైన పోయి ఉంటాయి. మా ఊళ్లల్లో చదువు రాని ముసలమ్మకి కూడా క్రియాటినిన్ అంటే ఏంటో తెలుసు. అది ఒకటిన్నర రెండు ఉన్నవాడిని మూడు నెలలకోసారి టెస్ట్ చేసి, బీపీ చూసి, నొప్పుల బిళ్లలు మానిపించి కాపాడుకుంటే డయాలసిస్ కుర్చీ ఎక్కడం చాలా ఏళ్లు వెనక్కి నెట్టొచ్చని డాక్టర్లే చెప్తారు. ఆ పని పీహెచ్‌సీలో అవ్వాలి, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఇంటికొచ్చి చూడాలి. ఎంతమందికి మొదటి టెస్ట్ చేశారన్నది చెప్తారు, వాళ్లలో రెండో టెస్ట్‌కి ఎంతమంది తిరిగి వచ్చారు అన్నది కూడా చెప్పాలి. పనికి హైదరాబాద్, చెన్నై, గల్ఫ్ పోయే మగవాళ్లు మా దగ్గర ఎక్కువ, మొదటి టెస్ట్‌లో ఉన్నవాడు రెండో టెస్ట్‌కి ఊళ్లోనే ఉండడు, వాడి పేరు రిజిస్టర్‌లో అలాగే ఉండిపోతుంది, వాడు తిరిగొచ్చేసరికి కాళ్లు వాచి ఉంటాయి.

ఇది మా ఒక్కళ్ల గోల అనుకోవద్దు. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలం తండాల్లో కూడా ఇదే కిడ్నీ జబ్బుతో జనం ఇబ్బంది పడుతున్నారు, వాళ్లకీ ఇదే జవాబు కావాలి. తెలంగాణలో ఆరోగ్య శాఖ దామోదర రాజనర్సింహ గారు చూస్తున్నారు, అక్కడ డయాలసిస్ చేయించుకునే కుటుంబాలు కూడా మెషీన్లు ఎన్ని అని కాకుండా షిఫ్టులు ఎన్ని అనే అడగాలని నా మనవి.

మంత్రి సత్యకుమార్ గారికి నేను చెప్పుకునేది ఏంటంటే, అయ్యా, ప్రతిపక్షం ఎదురుగా ఉన్నప్పుడు నంబర్లు గట్టిగా చెప్పుకోవాలి, అది రాజకీయం, మాకు తెలుసు. కానీ వచ్చే సమావేశాల్లో ఉద్దానం ప్రశ్న వస్తే ఒక్కసారి సెంటర్ వారీగా చదవండి. ఈ సెంటర్‌లో ఇన్ని మెషీన్లలో ఇవాళ ఇన్ని నడుస్తున్నాయి, ఇన్ని షిఫ్టులు, వారానికి మూడు సార్లు చేయించుకుంటున్న వాళ్లు ఇంతమంది, రెండు సార్లతో సరిపెట్టుకుంటున్న వాళ్లు ఇంతమంది, సీటు కోసం ఎదురుచూస్తున్న వాళ్లు ఇంతమంది, ఖాళీ టెక్నీషియన్ పోస్టు ఫలానా తేదీకల్లా నింపుతాం అని. ఆ నంబర్లు తక్కువగా ఉన్నా ఫర్వాలేదు, ఎవరూ మిమ్మల్ని తప్పు పట్టరు, అసలు సంగతి బయటకి చెప్పిన మొదటి మంత్రి అంటారు. తేదీ చెప్పాక దాన్ని వదిలేయకుండా చూడ్డానికి సభకి హామీల కమిటీ ఉంది, మంత్రులు సభలో ఇచ్చిన మాట ఎంతవరకు అయ్యిందో చూడ్డమే దాని పని. పరిశీలనలో ఉంది అంటే ఆ కమిటీ దేన్ని పట్టుకుంటుంది, తేదీ ఉంటే పట్టుకోవచ్చు.

ఎడిటర్ గారూ, మీకు కూడా ఒక మాట. మీకు సోంపేట, పలాస, కవిటి, ఇచ్ఛాపురం అన్ని చోట్లా విలేకరులు ఉన్నారు. అసెంబ్లీ మొదలయ్యే ముందు రోజు ఒక్కో సెంటర్‌కి ఒక్కో మనిషిని పంపించి మెషీన్లు, షిఫ్టులు, సిట్టింగ్ ఎన్ని గంటలు, ఇవి మాత్రం టేబుల్ వేసి జిల్లా ఎడిషన్‌లో కాకుండా మెయిన్ పేజీలో వేయండి. పక్కరోజు మంత్రి గారి జవాబు దాని పక్కనే వేయండి. మా దగ్గర పేషెంట్లంతా ఆ పేజీ చింపి సెంటర్‌కి తెచ్చుకుంటారు, మా చిన్నాన్నకి నేనే తీసుకెళ్లి ఇస్తాను.

ఇట్లు,
ఒక డయాలసిస్ పేషెంట్ కుటుంబ సభ్యుడు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా