పైసలిచ్చి రాపిచ్చిన అర్జీ

సంపాదకులు గారికి,

హనుమకొండ అదాలత్ దగ్గర నాది జాబ్ టైపింగ్ షాపు. ఇరవై రెండేండ్లుగా అర్జీలు, అఫిడవిట్లు, పెండ్లి కార్డుల మ్యాటరు కొట్టుకుంటూ బతుకుతున్నాను. ఈ మధ్య కొన్ని ఆఫీసులవాళ్లు అర్జీని మెయిల్‌లో పెట్టమంటున్నారు. అక్కడే బోల్తా పడ్డాను.

పరకాల దిక్కు నుంచి ఒక పెద్దాయన వచ్చి, పాసుబుక్కులో సర్వే నంబరు తప్పు పడిందని అర్జీ రాయించుకున్నాడు. ఎప్పటిలాగే అచ్చు పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో కొట్టి, కాపీ చేసి, మెయిల్‌లో పేస్ట్ చేసి పంపాను. నా స్క్రీన్ మీద ఒత్తులతో సహా అంతా బాగానే ఉంది. పదకొండో రోజు జవాబు వచ్చింది: "మీ అర్జీ చదువుటకు వీలుగా లేదు." అంతే, ఇంకో ముక్క లేదు. పెద్దాయన కౌంటర్ ముందు నిలబడి, "తమ్మీ, నేను పైసలిచ్చి రాపిచ్చిన. గా సారుకు తెలుగు సదువస్తలేదా?" అన్నాడు.

సారుకు చదువొచ్చు. తప్పు నాది. కంప్యూటర్లో అచ్చు పేజీలు కొట్టే మా డీటీపీ వాళ్లం వాడే పాత ఫాంట్లలో తెలుగు ఉత్త వేషమే. లోపల ఉండేది ఇంగ్లిష్ అక్షరమో, డాలరు గుర్తో, బ్రాకెట్టో. దానికి తెలుగు బొమ్మ తొడిగారు. మెయిల్ వెంట మహా అయితే ఫాంటు పేరు పోతుంది గాని ఫాంటు పోదు. అవతలి కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే వేషం ఊడి, లోపలి గుర్తులన్నీ బయటపడతాయి.

మరి నాకెందుకు తెలియలేదంటారా? పేస్ట్ చేసిన మ్యాటరు గజిబిజిగా కనబడుతోందని ఒకనాడు విసుగొచ్చి, నేను మెయిల్ చూసుకునే థండర్‌బర్డ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో డిఫాల్ట్ ఫాంటుగా ఆ డీటీపీ ఫాంటునే పెట్టేశాను. రోగం కప్పెట్టుకున్నాను. అప్పటి నుంచి ఇంగ్లిష్‌లో వచ్చే మెయిళ్లు కొన్ని నా దగ్గర నోరు తిరగని తెలుగు ముక్కలుగా తెరుచుకునేవి. పంపినవాళ్లకే ఏదో అయిందనుకునేవాణ్ని!

డిగ్రీ చదివే మా తమ్ముని బిడ్డ వచ్చి, "పెద్దబాపూ, గా అర్జీ నా వాట్సాప్‌కు కొట్టు" అంది. ఫోన్‌లో చూస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. ఆ ఫాంటు ఫోన్‌లో ఉండదు కాబట్టి అసలు సంగతి క్షణంలో తేలింది. థండర్‌బర్డ్ సెట్టింగుల్లో ఫాంట్ల దగ్గర అడ్వాన్స్‌డ్ నొక్కితే, పైన ఏ లిపికి ఏ ఫాంటో ఎంచుకునే జాబితా ఉంటుంది. నేను డీటీపీ ఫాంటును లాటిన్, అంటే ఇంగ్లిష్ లిపి, కింద దూర్చాను. ఆ పిల్ల అక్కడ మామూలు ఇంగ్లిష్ ఫాంటు పెట్టి, జాబితాలో తెలుగుకు వెళ్లి నిర్మల అనే ఫాంటు ఎంచింది. ఇంగ్లిష్ మెయిళ్లు దారికొచ్చాయి.

అర్జీ మాత్రం దారికి రాలేదు. దాన్ని యూనికోడ్‌లో, అంటే ప్రతి అక్షరానికి అన్ని కంప్యూటర్లలోనూ ఒకే సంఖ్య ఉండే పద్ధతిలో, మళ్లీ కొట్టాల్సి వచ్చింది. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలున్నాయి. 'క' ఏ కంప్యూటర్లోనైనా 3093వ సంఖ్యే, పైన ఏ ఫాంటు తొడిగినా సరే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోనే గౌతమి అనే యూనికోడ్ ఫాంటు ఉంది. మన బమ్మెర పోతన పేరుతోనూ ఒకటుంది. ఇన్నేండ్లూ ఇవి కళ్ల ముందున్నా నేను పట్టించుకోలేదు. ఎందుకంటే వేళ్లు వినవు. పాత పద్ధతిలో ఒత్తుకు దానికదే ఒక కీ. ఇన్‌స్క్రిప్ట్ అనే యూనికోడ్ కీబోర్డు పద్ధతిలో 'స్త' రావాలంటే స, పొల్లు, త మూడూ కొట్టాలి. ఒక పేజీ అర్జీకి గంటన్నర పట్టింది. పెద్దాయన దగ్గర మళ్లీ పైసలు తీసుకోలేదు. ఈసారి అర్జీ అందిందని రెండో రోజే జవాబు వచ్చింది.

ఆఫీసుల వారికి ఒక్క విన్నపం. అక్షరాలు రాకపోతే పదకొండు రోజులు ఆగకుండా, "యూనికోడ్‌లో పంపండి" అని అదే రోజు రెండు మాటలు రాయండి. మీరూ ఉత్తరాల పేజీలో మెయిల్ ఐడీ కింద ఆ రెండు మాటలే అచ్చేస్తే మా అదాలత్ దగ్గర టైపింగ్ వాళ్లందరికీ చూపిస్తాను. ఈ ఉత్తరాన్ని ముందు నా ఫోన్‌కు పంపుకుని, చూసుకున్నాకే మీకు పంపుతున్నాను.

ఇట్లు,
ఒక జాబ్ టైపిస్టు,
హనుమకొండ