80 నుంచి 99 నీవి

ఒరేయ్ టైరూ,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో, తర్వాత చదువు. జూన్‌లో నీ ఉత్తరం వచ్చింది. జవాబు రెండుసార్లు మొదలుపెట్టాను. అందులో ఒకటి కరెంటు బిల్లు వెనకాల రాశాను, దాని మీద చెల్లి పాల లెక్క వేసేసింది. ఇప్పుడు షాపులో బేరాల్లేని టైమ్, ఓనరు భోజనానికి వెళ్ళాడు, టైల్స్ లోడు నాలుగింటికి వస్తుందన్నాడు. ఆలోపు ఎంతైతే అంత.

ఇంట్లో అందరూ బాగున్నారు. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, చెల్లికి బీఈడీ సీటొచ్చింది, మొన్నటి వానకి మన సందులో మళ్ళీ మోకాల్లోతు నీళ్ళు. బీరువా తాళం సంగతి మాత్రం అడక్కు, ఎదురుగా ఉన్నప్పుడు చెప్తాను. వార్తలు అయిపోయాయి.

అసలు సంగతి ఏంటంటే నేను గడ్డాలు గీస్తున్నానురా. నవ్వకు. నాది కాదు, జనానివి.

నీకు పకోడీ సువార్త గుర్తుందిగా. బీచ్ రోడ్డులో మనిద్దరం మూడొందల కరపత్రాలు పంచి, పుస్తకంలో లెక్క రాసుకుని, మర్నాడు అక్కడే పకోడీలు కొంటే వాడు మన కరపత్రంలోనే పొట్లం కట్టిచ్చాడు. "దేవుడు లోకమును" దాకా కనబడుతోంది, తక్కినదంతా నూనె. నువ్వేమో ఎవరి చేతికో ఒకరి చేతికి వెళ్ళిందిలే అన్నావ్, నేను సిగ్గులేకుండా ఆ పొట్లాన్ని లెక్కలో రెండోసారి వేశాను. నా లెక్కల పిచ్చి అప్పటికంటే ఇప్పుడు ముదిరింది. యూత్ మీటింగ్‌కి ప్రతి నెలా రిపోర్టు రాసిచ్చేది నేనే, ఇన్ని ఇళ్ళు దర్శించాం, ఇన్ని కరపత్రాలిచ్చాం అని. అలాంటివాణ్ణి ఆగస్టులో పాస్టరుగారు పిలిచి, శనివారాలు తాతగారితో ఆసుపత్రికి వెళ్ళు, ఆయన బ్యాగు మోసే కుర్రాడికి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు అన్నారు. ఏ తాతగారో నీకు తెలుసు. పోర్టులో కళాసీగా చేసి రిటైరయ్యాడు, కీర్తన ఎత్తుకుంటే అందరికంటే ఒక చరణం వెనకాల ఉంటాడు, ఆయనే.

నేనేమనుకున్నానంటే వార్డులో కరపత్రాలు, నాలుగు మాటలు, ప్రార్థన. రెండొందల కాపీలు సంచిలో వేసుకుని తయారయ్యాను. మెట్ల దగ్గరే తాతగారు సంచి చూసి, ఇది ఇక్కడ పెట్టేసి రా నాయనా అన్నాడు. ఆయన బ్యాగు తెరిస్తే ఏముంది, షేవింగ్ బ్రష్షు, సబ్బు, డెట్టాలు, నీళ్ళ మగ్గు, ఉతికి మడతపెట్టిన పాత తువ్వాళ్ళు, బ్లేళ్ళ ప్యాకెట్లు. మనిషికో కొత్త బ్లేడు, మనిషికో తువ్వాలు, అందులో రాజీ లేదు. పదకొండేళ్ళుగా ఇదేనట ఆయన పని. మగవాళ్ళ వార్డులో తోడు ఎవరూ లేని పేషెంట్లుంటారు కదా, రోడ్డు మీద పడిపోతే ఎవరో తెచ్చి చేర్పించినవాళ్ళూ, ఇంట్లోవాళ్ళు చేర్పించి మళ్ళీ రానివాళ్ళూ. సిస్టర్‌ని అడిగి, ఆమె చూపించిన మంచాల దగ్గరికే వెళ్ళి, గడ్డం గీసి, మొహం తుడిచి, గోళ్ళు తీసి వచ్చేస్తాడు.

నాకు ఒళ్ళు మండింది. రెండో వారం బస్సులో అడిగేశాను, తాతగారూ ఇందులో సువార్త ఎక్కడుందండీ అని. ఆయన కిటికీలోంచి చూస్తూ, "రోగినై యుంటిని, నన్ను చూడ వచ్చితిరి అన్నాడు ప్రభువు. కరపత్రం ఇచ్చితిరి అన్లేదు కదరా" అన్నాడు. మరి చెప్పొద్దా అంటే, "అడిగితే చెప్పు. అడక్కపోతే గియ్యి" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు, నీకు చెప్పడానికేం. నోరు తెరిచి చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందిరా అసలు, మనకి ఎవరో చెప్పబట్టే కదా... సరే అది తర్వాత.

ఆ నెల రిపోర్టులో ఏం రాయాలో తెలీక "గడ్డాలు: ఆరు" అని రాశాను. సెక్రటరీ అది పైకే చదివేశాడు. ఇప్పుడు నన్ను అక్కడ ఏమని పిలుస్తారో నువ్వే ఊహించుకో.

ఇక మూల మంచం ఆయన. యాభై పైన ఉంటాయి, శ్రీకాకుళం వైపు మనిషి, ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటు మీద వంటవాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట బంద్ కదా, అది ముగిశాక వెళ్ళిన రెండో వేటలోనే వల లాగే మెషిన్ తాడు కాలికి చుట్టుకుంది. ఎముక విరిగింది, పుండు మానలేదు. బోటాయన మొదట్లో రెండుసార్లు వచ్చాడట, తర్వాత లేదు. మేం వెళ్ళిన మొదటి శనివారం తాతగారు మంచం పక్కన మగ్గు పెట్టి "గడ్డం గీయమంటావా నాయనా" అన్నాడో లేదో, ఆ మగ్గు ఎగిరొచ్చి నా చొక్కా మీద పడింది. నా కొత్త చొక్కా, నువ్వు పంపించిన గళ్ళదే. తాతగారు ఏం చేశాడో తెలుసా, మగ్గు తీసుకుని, కింద నీళ్ళు తుడిచి, "సరే, వచ్చే శనివారం వస్తాను" అన్నాడు. అంతే.

ఏడు శనివారాలు రా టైరూ. ఏడుసార్లూ అదే ప్రశ్న, అదే బూతు, అదే "వచ్చే శనివారం వస్తాను". నాలుగో వారం నేను, ఈయన్ని వదిలేద్దామండీ, అక్కడ ఇంకో ఇద్దరు అడుగుతున్నారు అన్నాను. తాతగారికి అప్పుడు కోపం వచ్చింది, ఆయనకి కోపం రావడం నేను అదే చూడటం. ఇంటికెళ్తూ మూడు కొండలు కనబడే చోట, అదే చర్చీ దర్గా గుడీ మూడూ కనిపిస్తాయి చూడు, అక్కడ ఆగి నాకు పెద్ద క్లాసు. 1805లో లండన్ మిషన్ నుంచి క్రాన్, డెస్ గ్రాంజెస్ అని ఇద్దరు కుర్రాళ్ళు మన విశాఖపట్నం వచ్చారట. భాష రాదు, ఎండ పడదు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలు తెలుగులోకి మార్చడం మొదలుపెట్టారు. 1809లో ఒకరు పోయారు, 1810లో రెండో ఆయన పోయారు. మత్తయి, మార్కు, లూకా బెంగాల్లోని సేరాంపూర్‌లో అచ్చయ్యేసరికి 1812. "వాళ్ళు చేసిన పుస్తకం వాళ్ళే చూళ్ళేదు. నీకు నాలుగు వారాలకే లెక్క కావాలా" అన్నాడు. పోర్టు గోడ పక్కన, లారీల హారన్ల మధ్య, గొంతు పెంచి మరీ. మనం ఆ పాత ఊళ్ళో చిన్నప్పటి నుంచీ తిరిగాం, ఆ పేర్లు ఒక్కరోజైనా విన్నామా? సండే స్కూల్లో యెరికో గోడ చుట్టూ ఏడు రోజులు తిరగడం బట్టీ పట్టించారు గానీ.

తర్వాత తాతగారు బాత్రూమ్‌లో జారిపడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. శుక్రవారం రాత్రి ఫోన్ చేసి, మిగతావాళ్ళవి గీసినా గీయకపోయినా ఆ మూల మంచం దగ్గర ఆగి ఒక్కసారి అడిగి రా అన్నాడు. నిజం చెప్తున్నా, వెళ్ళకూడదనే అనుకున్నాను. వాన కూడా. మళ్ళీ సోమవారం ఆయన అడిగితే అబద్ధం చెప్పాలి, అది నా వల్ల కాదని వెళ్ళాను, భక్తితో కాదు.

ఆయన నన్ను చూడగానే నా వెనకాల చూశాడు. "పెద్దాయన రానేదేటి?" అన్నాడు. చెయ్యి విరిగిందని చెప్పాను. చాలాసేపు ఏమీ అన్లేదు. "మరి నువ్వెందుకొచ్చినావు? మీకేటిస్తారు?" అన్నాడు.

చూశావా, అడిగాడు! తాతగారు చెప్పిన ఆ "అడిగితే" ఇదే. ఇన్నేళ్ళ కరపత్రాలు, బట్టీ పట్టిన వాక్యాలు, సాక్ష్యాలు, అన్నీ గొంతు దాకా వచ్చి అక్కడే నిలబడిపోయాయి. నేనేమన్నానో తెలుసా? "శనివారం మూడింటి నుంచి ఖాళీనండి" అన్నాను. ఒరేయ్, నిజంగా అదే అన్నాను.

ఆయన నా మొహంలోకి చూసి, "గియ్యి" అని గడ్డం పైకెత్తాడు.

నేను అప్పటిదాకా బ్యాగు మోయడం, నీళ్ళు మార్చడం, పెద్దగా కదలనివాళ్ళకి బుగ్గలు గీయడం, అంతే చేశాను. ఈయనది మూడు నెలల గడ్డం. ముందు కత్తెరతో తగ్గించాలని కూడా తోచలేదు. సబ్బు నురగ పెడితే ఆ వెంట్రుకల్లోకి ఇంకిపోతోంది. బ్లేడు రెండు సార్లు మార్చాను. దవడ కింద ఒక పాత మచ్చ ఉంది, చర్మం ముడతపడి ఉంటుంది అక్కడ, వేలితో లాగి పట్టుకోవాలని తాతగారు చెప్పింది గుర్తొచ్చేలోపే తెగింది. నురగలో ఎర్రగా. నాకు చేతులు వణికాయి, మగ్గు మళ్ళీ నా మీదకొస్తుందనే అనుకున్నాను. ఆయన నవ్వాడు. పొట్ట అదిరేలా, పక్క మంచం వాళ్ళు లేచి చూసేలా. "ముసిలోడు ఏడు వారాలు తిరిగి పీక కోయడానికి నిన్ను పంపినాడ్రా" అన్నాడు.

పటిక రాసి, మొహం తుడిచాక నేను ధైర్యం చేసి, బాబాయ్, ప్రార్థన చేయమంటారా అన్నాను. "అది తర్వాత. ముందు ఫోన్ చెయ్యి" అన్నాడు.

ఇదీ విషయం. ఆయనకి కూతురుంది. నాలుగేళ్ళ కింద తాగి పెళ్ళిలో గొడవ చేశాడు, అప్పటి నుంచి మాటల్లేవు. అయినా అప్పుడప్పుడూ రింగ్ చేసి, ఆమె హలో అంటే పెట్టేసేవాడట. ఫోనేమో కాలు విరిగిన రోజే సముద్రంలో పడిపోయింది. సిమ్ మళ్ళీ తీయించొచ్చు కదా అంటావ్, అది బోటు గుమాస్తా పేరు మీద ఉంది, తీయించినా అందులో నంబర్లు లేవు. కూతురు ఇప్పుడు బరంపురం దాటి ఎక్కడో ఉందని తెలుసు, ఊరు తెలీదు. నంబరులో మొదటి ఎనిమిది అంకెలు గడగడా చెప్తాడు. చివరి రెండే రావు. "ఆ రెండూ నా ఏలే నొక్కీది, బుర్రకి తెల్దు" అంటాడు.

రెండంకెలంటే వంద నంబర్లు. 00 నుంచి మొదలుపెట్టాం. అక్కడే, ఆ మంచం మీద కూర్చుని, స్పీకర్ పెట్టి. మొదటిదానికే నేను "అమ్మా, మీ నాన్నగారు బోట్లో వంట చేస్తారాండీ" అన్నాను, మా నాన్న ఎమ్మార్వో ఆఫీసులో చేస్తారని కట్ చేసేసింది. సగానికి పైగా వాడుకలో లేవు. ఒకాయన లోన్ వద్దని చెప్పానా అని అరిచాడు. 19 హిందీ. 27 మాత్రం ఒక పెద్దావిడ, సంగతి విని పది నిమిషాలు వాళ్ళ అన్నయ్య ఇల్లు వదిలి వెళ్ళిపోయిన కథ చెప్పింది, మూల మంచం ఆయన కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు. ఆవిడ మొన్న తిరిగి ఫోన్ చేసి, దొరికిందా బాబూ ఆ అమ్మాయి అని అడిగింది. లేదండీ అంటే, సరే నేను రాత్రి దీపం దగ్గర చెప్పుకుంటాను అంది. ఏ దేవుడితో చెప్పుకుంటుందో నేను అడగలేదు. పాతరోజుల్లో అయితే అడిగి, కరపత్రం పోస్టు చేసేవాణ్ణేమో.

మూడు శనివారాలకి 45 దాకా వచ్చాం, అంటే 46 ఫోన్లు. ఎత్తనివి, స్విచాఫ్‌లు వేరే కాగితం మీద ఉన్నాయి, మళ్ళీ చెయ్యాలి. చెల్లి ఫోన్‌లో నా నంబరు స్పామ్ అని పడుతోందట, అందుకే ఎత్తేవాళ్ళు కూడా తగ్గారు. తాతగారికి చెప్తే కట్టుకట్టిన చెయ్యి చూపించి, విసుకక, విసుకక అంటాడు, "మేలుచేయుటయందు విసుకక" అని ఆయనకి ఇష్టమైన వాక్యం. నాకైతే విసుగే వస్తోంది. రాత్రి మంచం మీద పడుకున్నాక మాత్రం 46 ఆమేనేమో అనిపిస్తుంది, లేచి చెయ్యబుద్ధి వేస్తుంది, ఆయన లేకుండా చెయ్యకూడదని ఆగుతాను. ఆమె హలో అంటే ఆయన వినాలి కదా.

ఒకటి చెప్పలేదు. పోయిన వారం గీసేసి లేస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "ఆ రోజు అడిగితే ఖాళీ అన్నావు. నిజం చెప్పు, ఎందుకొస్తన్నావు" అన్నాడు. ఈసారి చెప్పాను రా. ఏం చెప్పానో రాయడానికి ఇప్పుడు

లోడు వచ్చేసింది, గంట ముందే. ఓనరు గేటు దగ్గర నా పేరే అరుస్తున్నాడు. విను, 46 నుంచి 79 దాకా నేను చేస్తాను. 80 నుంచి 99 నీవి. ఎనిమిది అంకెలూ రాత్రికి మెసేజ్ పెడతాను. నీ నంబరు ఇంకా స్పామ్ కాలేదు కదా. సాయంత్రం ఆరు తర్వాత చెయ్యి, అప్పుడే ఎత్తుతున్నారు. శనివారం అయితే చెయ్యకముందు నాకు మిస్డ్ కాల్ ఇవ్వు, కాన్ఫరెన్స్ కలిపి ఆయన చెవి దగ్గర పెడతాను. లోన్ కాదని మొదటే చెప్పేయ్.

నీ పకోడీగాడు